జాజ్ రికార్డులు ఎక్కడ మొదలుపెట్టాలి అంటే: అట్ట వెనక్కి తిప్పండి

మీరు అడిగింది ఒకసారి మళ్ళీ చెప్పుకుందాం. అనంతపురం నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి ఏడాదైంది. పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మి వెళ్ళిపోతూ ఒక టర్న్‌టేబుల్, దానిమీదే ఉండిపోయిన ట్రంపెట్ మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" రికార్డు మీ చేతిలో పెట్టారు. నెల రోజులుగా అదొక్కటే వింటున్నారు. ఇప్పుడు తర్వాత ఏది కొనాలి, పాత ఒరిజినల్ వెతకాలా కొత్త రీఇష్యూ (అదే రికార్డు మళ్ళీ వేసిన అచ్చు) సరిపోతుందా, అమ్మేవాళ్ళు రాసే "ఇయర్", "డీప్ గ్రూవ్" అంటే ఏమిటి, ఈ వ్యవహారం ఎందాకా పోతుంది. ఆ చివరిది మీ ఆవిడ అడగమన్న ప్రశ్న అన్నారు. దానికి జవాబు చివర్లోనే ఇస్తాను. ముందే చెప్తే మిగతాది చదవనివ్వరు.

నేను న్యూజెర్సీ వచ్చి పాతికేళ్ళు దాటింది. ఇంట్లో పధ్నాలుగు వందల పైచిలుకు రికార్డులున్నాయి, ముప్పాతిక భాగం జాజే. మొదటి మూడేళ్ళు డబ్బు ఎలా తగలేశానో ముందు చెప్తాను. "తప్పక ఉండాల్సిన వంద ఆల్బమ్స్" లాంటి జాబితా ఒకటి ప్రింటు తీసుకుని, కొన్నదానికల్లా టిక్కు పెట్టుకుంటూ పోయాను. వందలో డెబ్బై దాకా వచ్చాక చూసుకుంటే సగం రికార్డులు రెండోసారి ముల్లు కింద పెట్టలేదు. ఒకదానికీ ఇంకోదానికీ నా చెవిలో సంబంధమే లేదు. 1920ల న్యూ ఆర్లియన్స్ పక్కనే 1960ల ఫ్రీ జాజ్. త్యాగరాజ కృతి, బుర్రకథ, డిస్కో పాట వరసగా విన్నట్టు ఉండేది.

దారి చూపించింది మా నాన్నగారి అలవాటు. తెనాలిలో శ్రీరామనవమి పందిట్లో కచేరీ అంటే ఆయన కరపత్రం తీసుకుని పాడేది ఎవరో ఒక్క చూపు చూసేవారు, ఆ తర్వాత వేలు కిందికి జరిపి "వయొలిన్ ఎవరు? మృదంగం ఎవరు?" అని వెతికేవారు. వెళ్ళాలా వద్దా అనేది అక్కడ తేలేది. ఫలానా మృదంగం ఆయన ఎవరి పక్కన కూర్చున్నా వెళ్ళేవారు. అలా ఆయన విన్న గాయకుల్లో సగం మంది పక్కవాద్యం పుణ్యాన దొరికినవాళ్ళే.

జాజ్ కూడా సరిగ్గా అలాగే. ముందు అట్ట మీద పెద్దక్షరాల్లో ఒక పేరుంటుంది. వెనక అట్ట మీద చిన్నక్షరాల్లో అయిదారు పేర్లుంటాయి. మీ తర్వాతి రికార్డు అక్కడుంది.

మీ "కైండ్ ఆఫ్ బ్లూ" తిప్పి చూడండి. బేస్ (నిలబడి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) దగ్గర పాల్ చేంబర్స్ అని ఉంటుంది. మొదటి పాట "సో వాట్" మళ్ళీ పెట్టండి. నెమ్మదిగా సాగే ఆ ఉపోద్ఘాతం అయ్యాక అసలు పాట ఎత్తుకునేది ట్రంపెట్ కాదు, బేస్. పల్లవి ఆయన వాయిస్తాడు, మిగతావాళ్ళంతా రెండే అక్షరాల్లో బదులిస్తారు. ఆ రికార్డు 1959లో రెండు రోజుల్లో చేశారు, మార్చి 2, ఏప్రిల్ 22. రెండో రోజు చేంబర్స్ పుట్టినరోజు. ఇరవై నాలుగు నిండాయి. నేను ఆ వయసులో విజయవాడలో బస్సు పాసు కోసం లైన్లో నిలబడ్డాను.

ఇక ఆ కుర్రాడి వెంట నడవండి. 1957 సెప్టెంబర్‌లో సాక్సఫోన్ జాన్ కోల్‌ట్రేన్ బ్లూ నోట్ కంపెనీకి చేసిన "బ్లూ ట్రేన్" అట్ట వెనక ఆయనే. అదే ఏడు జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో సాక్సఫోన్ ఆర్ట్ పెప్పర్ చేసిన "మీట్స్ ద రిథమ్ సెక్షన్" చూడండి, ఆ రిథమ్ సెక్షన్‌లో (పియానో, బేస్, డ్రమ్స్ ముగ్గురు) మూడోవంతు ఈయనే. 1958లో పియానో సోనీ క్లార్క్ "కూల్ స్ట్రటిన్", 1961లో ఆలివర్ నెల్సన్ "ద బ్లూస్ అండ్ ది ఆబ్‌స్ట్రాక్ట్ ట్రూత్", రెండింట్లోనూ ఈయనే. కోల్‌ట్రేన్ "జయంట్ స్టెప్స్"లో కూడా ఉన్నాడు, పైగా అందులో "మిస్టర్ పి.సి." అనే పాట ఉంది. ఆ పి.సి. మన పాల్ చేంబర్స్. పక్కవాద్యం ఆయన పేరు మీద కృతి కట్టినట్టు. సొంతంగా చేసిన "బేస్ ఆన్ టాప్" చివర్న వినండి, అందులో కమాను పట్టి వాయిస్తాడు, కొందరికి నచ్చదు, నాకు ఇష్టం. ముప్పై మూడేళ్ళకే పోయాడు, 1969లో. అంత చిన్న జీవితంలో వాయించినవి కొనుక్కుంటూ పోతేనే మీకు రెండేళ్ళు పడుతుంది. ఆలోగా పియానోలో వింటన్ కెలీ, డ్రమ్స్‌లో ఫిలీ జో జోన్స్ మీకు ఇంట్లో మనుషులైపోతారు. వాళ్ళ వెంట ఇంకో రెండేళ్ళు.

మీది అనంతపురం అన్నారు కాబట్టి ఇంకో దారి. కోల్‌ట్రేన్ భార్య ఆలిస్ హార్ప్ వాయించేది. భర్త పోయాక ఆవిడ మనసు పూర్తిగా మనవైపు మళ్ళింది. తర్వాత కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టింది, దాని పేరు ఆ తర్వాత సాయి అనంతం అని మార్చింది. ఆ సాయి అప్పట్లో మీ జిల్లాలోనే ఉన్న పుట్టపర్తి సాయిబాబానే. 1971లో వచ్చిన "జర్నీ ఇన్ సచ్చిదానంద" రికార్డు మొదట్లోనే తంబూరా వినిపిస్తుంది, దాని మీదికి బేస్ వస్తుంది, వచ్చి అక్కడే తిష్ట వేస్తుంది. ఆ బేస్ సెసిల్ మెక్‌బీ. మళ్ళీ అట్ట వెనకే. ఆ పేరు పట్టుకుంటే చార్లెస్ లాయిడ్ "ఫారెస్ట్ ఫ్లవర్" దొరుకుతుంది, అందులో పియానో కీత్ జారెట్. చూశారా, జాబితా ఎవరూ ఇవ్వక్కర్లేదు.

ఇప్పుడు ఒరిజినల్ గొడవ.

మీరుండే ఊరి గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఇది చెప్పలేను. ఎడిసన్‌లో మెన్లో పార్క్ మాల్‌కి వారం వారం వెళ్తుంటారు కదా, ఆ మెన్లో పార్క్‌లోనే థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టాడు. ఊరికి ఆయన పేరు తర్వాత పెట్టారు. అక్కడినుంచి పదీ పన్నెండు మైళ్ళలో నార్త్ ప్లెయిన్‌ఫీల్డ్ ఉంది, ప్లాస్టీలైట్ అనే కర్మాగారం అక్కడే ఉండేది, బ్లూ నోట్ రికార్డులు అచ్చయింది అందులోనే. ఉత్తరానికి వెళ్తే హాకెన్‌సాక్. రూడీ వాన్ గెల్డర్ అనే కళ్ళజోళ్ళ డాక్టరు పగలు రోగుల కళ్ళు చూసి, సాయంత్రాలు అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో జాజ్ రికార్డు చేసేవాడు. "బ్లూ ట్రేన్" ఆ ముందుగదిలో పుట్టిందే. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు, గుడి మండపంలా ఎత్తైన చెక్క కప్పుతో. కోల్‌ట్రేన్ "ఎ లవ్ సుప్రీమ్" 1964 డిసెంబర్‌లో అక్కడ ఒక్క రోజులో అయింది. మనవాళ్ళు నయాగరా చూడ్డానికి ఏడు గంటలు కారు తోలుతారు, పక్కనున్న ఇది ఎవరికీ పట్టదు. సరే, అది వేరే కథ.

"ఇయర్" సంగతి. రికార్డు మీద పాట గాడి అయిపోయాక, లేబుల్‌కి ముందు నున్నటి నల్లటి పట్టీ ఒకటి ఉంటుంది. డెడ్ వ్యాక్స్ అంటారు. రికార్డుని అంచులతో పట్టుకుని టేబుల్ లైటు కింద వాలుగా వంచి చూడండి, అమ్మ వెంకటగిరి చీర అంచుని వెలుతురుకి పెట్టి చూసినట్టు. గీతలూ అక్షరాలూ మెల్లగా పైకి తేలతాయి. బ్లూ నోట్ అయితే ఆర్‌వీజీ అనో వాన్ గెల్డర్ అనో ఉంటే ఆ కోత, అంటే అచ్చు మూసలో పాట గాడి కోయడం, ఆయన చేతిదని అర్థం. పక్కనే చెవి తమ్మెలాంటి వంకర గీత కనిపిస్తే అది ప్లాస్టీలైట్ వాళ్ళ పి అక్షరం, కలిపిరాతలో. చెవిలా ఉందని అందరూ ఇయర్ అనేశారు. 1966లో బ్లూ నోట్ లిబర్టీ కంపెనీ చేతికి వెళ్ళాక అచ్చు అక్కడ ఆగిపోయింది, చెవి మాయమైంది. డీప్ గ్రూవ్ అంటే లేబుల్ మీదే వేలికి తగిలే గుండ్రటి గాడి, పాత అచ్చుదిమ్మల గుర్తు. లేబుల్ మీద అడ్రసు కూడా కాలాన్ని చెప్తుంది: ముందు లెక్సింగ్టన్ ఎవెన్యూ, 1957 నుంచి 47 వెస్ట్ 63, అరవైల మొదట్లో ఉత్త న్యూయార్క్ యుఎస్ఎ.

మొదటిసారి నా చేతిలో చెవి కనిపించిన రోజు గుర్తుంది. సోమర్‌విల్ దగ్గర ఒక ఇంటి సామాన్లు అమ్ముతుంటే వెళ్ళాను. బేస్‌మెంట్లో తడివాసన, నేల మీద మూడు అట్టపెట్టెలు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ ముందుకు వాలుస్తూ పోయాను. క్రిస్మస్ పాటలు, మళ్ళీ క్రిస్మస్ పాటలు, ఆ క్రీము పూసుకున్న అమ్మాయి అట్ట (అమెరికాలో ఏ పెట్టెలో చూసినా అదొకటి ఉండి తీరుతుంది, హెర్బ్ ఆల్పర్ట్, మీకూ త్వరలో పరిచయమవుతుంది). మూడో పెట్టెలో అడుగున పియానో హోరెస్ సిల్వర్ బ్లూ నోట్ రికార్డు. అట్ట మూల ఎలుక కొరికింది. ప్లేటు బయటికి తీసి ఫోను లైటు వేశాను. ఆర్‌వీజీ. ఇంకాస్త తిప్పాను. చెవి. నాలుగు డాలర్లు ఇచ్చి, మొహంలో ఏమీ కనిపించకుండా కారు దాకా నడిచాను. కారెక్కాక మాత్రం హారన్ కొట్టాను, ఊరికే.

అలా దొరికితే సంతోషం. దాని కోసం డబ్బు పోసి కొనమని మాత్రం మీకు చెప్పను. "బ్లూ ట్రేన్" మొదటి అచ్చు శుభ్రంగా ఉన్నది వెయ్యి డాలర్లు దాటడం వింతేమీ కాదు. ఆ డబ్బుకి చేంబర్స్ వాయించిన మంచి రీఇష్యూలు ముప్పై దాకా వస్తాయి. బ్లూ నోట్ వాళ్ళే టోన్ పోయెట్, క్లాసిక్ వినైల్ అని రెండు వరసలు వేస్తున్నారు, మొదటిది కాస్త ఖరీదు, రెండూ బావుంటాయి. 1980ల్లో వచ్చిన ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్ రీఇష్యూలు పాత దుకాణాల్లో ఇంకా చవగ్గానే ఉన్నాయి. పాతదే కావాలని మనసు లాగితే లిబర్టీ కాలం అచ్చులు చూడండి. చెవి ఉండదు కానీ వాటిలో చాలావాటికి వాన్ గెల్డర్ ముద్ర ఉంటుంది, అంటే ఆయన కోసిన మూసలోంచే వచ్చింది. ధరలో నాలుగోవంతు ఉండదు. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఒరిజినల్ అంటే అంతా మంచిదే అనుకోకండి. మీ "కైండ్ ఆఫ్ బ్లూ" సంగతే చూడండి. మార్చి 2న రికార్డు చేసిన టేపు మిషను కాస్త నెమ్మదిగా తిరిగింది. మామూలు వేగంలో వినిపిస్తే శ్రుతి కొద్దిగా పైకి పోయింది. మొదటి పక్క మొత్తం అలాగే అచ్చయింది, 1992 దాకా ఎవరూ సరిదిద్దలేదు. ముప్పై మూడేళ్ళు లోకమంతా ఆ తప్పు శ్రుతినే ఆరాధించింది. మా ఆవిడ వీణ నేర్చుకుంది, పాత ప్లేటు, కొత్త ప్లేటు ఒకదాని తర్వాత ఒకటి పెడితే వెంటనే పట్టేసింది. నాకు నాలుగుసార్లు వింటే గానీ తెలియలేదు.

కొనేటప్పుడు కంటిని పూర్తిగా నమ్మకండి. ఆన్‌లైన్లో ఒకాయన దగ్గర వీజీ ప్లస్ అని రాసి ఉన్న రికార్డు తెప్పించాను. అంటే చిన్న చిన్న గీతలే తప్ప వినడానికి ఇబ్బంది ఉండదని. వచ్చింది చూస్తే అద్దంలా మెరుస్తోంది. ముల్లు దించాను. సాక్సఫోన్ పైకి వెళ్ళిన ప్రతిసారీ వేడి పెనం మీద నీళ్ళు చిలికినట్టు చిరచిర. యాభైల్లో బరువైన ముల్లున్న పెట్టె మీద వందలసార్లు తిప్పిన ప్లేటు అది, గాడి లోపలి గోడ అరిగిపోయింది. గీత పైకి కనిపిస్తుంది, అరుగుదల కనిపించదు. వాపసు తీసుకోమంటే ఆయన ఫోటోలో శుభ్రంగానే ఉంది కదా అన్నాడు. ఫోటో శుభ్రంగానే ఉంది, నిజమే. అప్పటినుంచి వాయించి చూశారా అని అడక్కుండా యాభై డాలర్లు దాటింది ఏదీ కొనలేదు. గీత విషయానికొస్తే గోటితో తాకి చూడండి. గోరు తట్టుకుంటే టిక్ మంటుంది, ప్లేటు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది కాబట్టి ప్రతి 1.8 సెకన్లకోసారి. తాళం తప్పకుండా.

కడగడం గురించి అడగలేదు గానీ చెప్పాలి, నా ఆనందంలో సగం అక్కడుంది. శుక్రవారం రాత్రి వంటిల్లు సర్దేశాక గట్టు మీద తువ్వాలు పరుచుకుని ఆ వారం తెచ్చినవి కడుగుతాను. డిస్టిల్డ్ వాటర్, అందులో గిన్నెల సబ్బు ఒకే ఒక్క చుక్క, మెత్తటి బ్రష్షు గాడి వెంట గుండ్రంగా, ఆ తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ. లేబుల్ తడవకూడదు. పాత పంచె గుడ్డతో తుడవకండి, నూలుపోగులు మిగిలిపోతాయి, మైక్రోఫైబర్ గుడ్డ తీసుకోండి. అరవై ఏళ్ళ సిగరెట్ పొగ గోధుమరంగు నీళ్ళయి కారుతుంటే అదొక తృప్తి.

కొందరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుతారు. వినైల్‌కి, అంటే మనం ఇంతసేపూ చెప్పుకున్న ప్లాస్టిక్ రికార్డులకి, తక్కువ పాళ్ళలో పరవాలేదు. డెబ్బై ఎనిమిది స్పీడు పాత ప్లేట్లకి మాత్రం చుక్క కూడా తగలకూడదు. అది నాకు తెలియని రోజుల్లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లేటు ఒకటి కడిగాను. గుడ్డకి నల్లగా జిగురు అంటుకుంది. మురికి వదులుతోందని ఇంకా గట్టిగా రుద్దాను. వదిలింది మురికి కాదు, పాట. ఆ ప్లేట్లు లక్కతో చేసేవారు, ఏటికొప్పాక బొమ్మలకి పూసే లక్కే, ఆల్కహాల్లో కరిగిపోతుంది.

ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వచ్చేది. 1942లో యుద్ధం వల్ల ఓడలు ఆగి ఇక్కడ లక్క కరువైంది. ప్రభుత్వం రేషన్ పెట్టింది, పాత ప్లేట్లు తూకానికి ఇచ్చి కరిగించుకునేవారు. దానికి తోడు అదే ఏడు ఆగస్టు 1 నుంచి వాద్యగాళ్ళ సంఘం రికార్డింగ్ సమ్మెకి దిగింది, పెద్ద కంపెనీలు రెండు 1944 నవంబర్ దాకా లొంగలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే సాక్సఫోన్ చార్లీ పార్కర్, ట్రంపెట్ డిజీ గిలెస్పీ కలిసి ఎర్ల్ హైన్స్ బృందంలో వాయిస్తూ బీబాప్ అనే కొత్త పోకడ వండుతున్నారు. ఆ బృందం వాయించింది ఒక్క ప్లేటు మీదికీ ఎక్కలేదు. ఎంత డబ్బున్న కలెక్టరైనా కొనలేని రికార్డులు అవే. అప్పుడప్పుడు వాటి గురించి ఆలోచిస్తుంటాను, నా అల్మరాలో ఉన్నవాటికంటే ఎక్కువగా.

మీ టర్న్‌టేబుల్‌కి ముందు ముల్లు మార్చండి. పెద్దాయన ఎప్పుడు మార్చారో తెలియదు, అరిగిన ముల్లు గాడిని తినేస్తుంది. బరువు కంపెనీ చెప్పినంతే పెట్టండి, మామూలుగా గ్రామున్నర నుంచి రెండు గ్రాములు. ఆంప్లిఫయర్ మీద మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం) మీట ఉంటే 1958కి ముందు రికార్డులకి అది నొక్కి వినండి, సగం గరగర తగ్గుతుంది. ఇంతకుమించి ఇప్పుడు ఏ పరికరమూ కొనకండి. అది ఇంకో రోగం.

ఇక మీ ఆవిడ ప్రశ్న. అమ్మా, దాచకుండా చెప్తాను. వంద రికార్డులు అట్టలతో కలిపి ఇరవై కిలోల పైమాటే. పుస్తకాల అల్మరా మధ్యలో వంగిపోతుంది, మాకు వంగింది. నిలబెట్టే పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పడేస్తే కిందవి వంకరపోతాయి. అందరూ ఐకియా కల్లాక్స్ అనే గడుల అల్మరా కొంటారు, గడికి అరవై దాకా పడతాయి. మా ఇంట్లో ఒప్పందం ఏమిటంటే కల్లాక్స్ రెండే, మూడోది లేదు. నిండితే ఏదో ఒకటి అమ్మితేనే కొత్తది లోపలికి వస్తుంది. పన్నెండేళ్ళుగా ఒప్పందం నిలబడింది, గరాజ్‌లో రెండు పెట్టెల సంగతి లెక్కలోకి రాదని నా వాదన. అసలు ఖర్చు కంటే శనివారం పొద్దున్నే ఏడింటికి మాయమైపోవడమే మా ఆవిడకి ఎక్కువ బాధ. అందుకే ఇప్పుడు వచ్చేటప్పుడు ఓక్ ట్రీ రోడ్డులో ఇడ్లీ కట్టించుకుని వస్తున్నాను.

మీరు ఈలోపు ఒక పని చేయండి. మీ దగ్గరున్న "కైండ్ ఆఫ్ బ్లూ" లేబుల్ మీద ఎడమ మూడు, కుడి మూడు, మొత్తం ఆరు కళ్ళలాంటి బొమ్మలున్నాయేమో చూడండి. తర్వాత డెడ్ వ్యాక్స్ చదవండి. ఎక్స్‌ఎల్‌పి అని మొదలైతే మోనో, ఎక్స్‌ఎస్‌ఎమ్ అయితే స్టీరియో, చివర్లో ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. రెండో పక్క పాటల వరుస కూడా చూడండి, తొలి అచ్చుల్లో కొన్నిటి మీద "ఆల్ బ్లూస్", "ఫ్లమెంకో స్కెచెస్" తారుమారుగా పడ్డాయి. ఆరు కళ్ళూ ఉండి, ఆ తప్పు కూడా ఉంటే అది తొలి అచ్చే అయ్యుండొచ్చు, పెద్దాయన నంబరు మీ దగ్గర ఉందో లేదో చూసుకుని ఒకసారి ఫోన్ చేయండి. ఆయనకి తెలిసే ఇచ్చారేమో, తెలియక ఇచ్చారేమో. ఫోటో ఇక్కడ పెట్టండి, మిగతాది చూసి చెప్తాను.